కాటి సీనుకి కన్నీళ్లు రాపోతే తప్పా?

మొన్న తాడేపల్లిగూడెం పక్క ఒక ఊళ్లో అమ్మోరి తీర్థానికి హరిశ్చంద్ర నాటకం పెట్టారు. రాత్రి రెండు దాటాక కాటి సీను మొదలైంది. హరిశ్చంద్రుడు కర్ర భుజానేసుకుని స్టేజీ మీదకొచ్చాడు. హార్మోనియం మీద శ్రుతి అందుకుని పద్యం ఎత్తాడు. నా ఎడం పక్కన ఒక ముసలమ్మ గోనెసంచి పరుచుకుని కూర్చుంది. పద్యం సగంలో ఉండగానే కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. వెనకాల ఒకాయన "వన్స్‌మోర్" అని అరిచి ఐదొందలు చదివించాడు. కుడి పక్కన మా పేట కుర్రోడు, ఐటీఐ చదువుతున్నాడు, ఫోన్లో రీల్స్ చూసుకుంటన్నాడు.

పద్యం ఒకటే, పాడేవోడు ఒకడే. ఒకళ్లకి ఏడుపొచ్చింది, ఒకళ్లకి హుషారొచ్చింది, ఒకళ్లకి ఆవలింతొచ్చింది.

తెల్లారాక టీ కొట్టు దగ్గర ఆ కుర్రోడే నన్నడిగాడు. "అన్నా, అందరూ అంత ఇదైపోతంటే నాకేటీ అవలేదేటి? నాలో ఏదన్నా తేడా ఉందంటావా?" నేను నోరిప్పేలోపే బల్ల మీదున్న పెద్దాయన అందుకున్నాడు. "మీకు గుండెలెక్కడ ఏడిశాయిరా, ఉన్నయ్యల్లా ఫోన్లేగా." కుర్రోడి మొహం చిన్నబోయింది. టీ సగంలో వదిలేసి ఎల్లిపోయాడు.

ఈ నాలుగు ముక్కలూ ఆ కుర్రోడి కోసం రాస్తన్నాను. ఇలాంటి మాట పడ్డ మిగతా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ కూడా చదవండి.

చేతికందే మూడు జవాబులు

కళ ఒకళ్లని కదిలించి ఇంకొకళ్లని కదిలించపోతే మనోళ్లు మూడు జవాబులు చెప్తారు. ఒకటి, నీకు గుండె లేదు. రెండు, నీకు చదువు లేదు, రుచి తెలీదు. మూడు, ఎవరిష్టం వాళ్లది, గొడవెందుకు.

మొదటిది పెద్దోళ్లు కుర్రోళ్లని అంటారు. రెండోది పట్నపోళ్లు పల్లెటూరోళ్లని అంటారు. మూడోది ఎవరికీ కోపం రాకుండా తప్పించుకోటానికి అంటారు. మూడూ తప్పేనని నా మాట. మనిషి కదలటానికి, కదలపోటానికి కారణాలుంటాయి. అవి మనిషి గుణంలో కంటే మనిషి బతుకులోనే ఎక్కువ దొరుకుతాయి.

నేను నవ్విన రాత్రి

నాకు పదిహేనేళ్లప్పుడు ఇదే కాటి సీనుకి నేను నవ్వాను. చచ్చిపోయిన కొడుకుని తెచ్చిన పెళ్లాన్ని పట్టుకుని కాటి సుంకం కట్టమంటాడేంటి, వీడికి పిచ్చా అని పక్కోడితో అన్నాను. మా నాన్న వెనక నుంచి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. ఆయనకి అక్షరం ముక్క రాదు. ఆ సీన్లో పద్యాలన్నీ నోటికొచ్చు.

తర్వాత చాలా ఏళ్లకి నాన్న పోయాడు. వానాకాలం. మా పేటకి వల్లకాడు వేరే. దానికి దారి లేదు. చుట్టూ చేలూ చెరువులూ ఉంటాయి, మధ్యలో ఒక గట్టు. మోకాలి లోతు బురదలో పాడె ఒరిగిపోతంటే నలుగురం పట్టుకుని మోసుకెళ్లాం. ఊరి వల్లకాటికి మాత్రం అప్పటికే సిమెంటు రోడ్డుంది.

అది జరిగిన మూడు నెలలకి ఏలూరు బస్టాండు దగ్గర ఒక కొట్లో డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర కేసెట్టు పెట్టారు. కాటి సీను పద్యాలు. నేను ఎక్కాల్సిన బస్సు ఎల్లిపోయింది. నేను కదల్లేదు.

ఆ పద్యాలు ఎవరివో అప్పటికి నాకు తెలీదు. తర్వాత తెలుసుకున్నాను. ఊళ్లల్లో ఎక్కువగా ఆడేది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర. కాటి సీన్లో జనం ఎక్కువగా వన్స్‌మోర్ కొట్టే పద్యాలు మాత్రం గుర్రం జాషువా గారివి. ఆయన శ్మశానం మీద రాసిన పద్యాల్ని నటులు తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. రాసినాయన పేరు తెలీకుండానే అవి జనం నోట్లోకి ఎల్లిపోయాయి. జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టారు. కులం పేరుతో పడ్డ అవమానాల్నే కవిత్వం చేసిన మనిషి. రాజైనా పేదైనా మట్టిలో ఒకటే అనీ, అంటూ మైలా అనే లెక్క శ్మశానంలో చెల్లదనీ ఆ పద్యాల సారం.

ఇప్పుడు ఆ రాత్రి జనాన్ని ఇంకోసారి చూడండి. కొంగు అడ్డం పెట్టుకున్న ముసలమ్మకి ఎవరో గుర్తొచ్చారు. బిడ్డో, పెనిమిటో. ఐదొందలు చదివించినాయనకి రాగం బాగా పట్టింది. నాకు నాన్న పాడె ఒరిగిన గట్టు కనపడింది. "శ్మశానంలో అంటు లేదు" అన్న మాట నాకు ఒకేసారి ఓదార్పులాగానూ అబద్ధంలాగానూ ఇనపడుద్ది. ఎందుకంటే మా ఊళ్లో శ్మశానాలే రెండు.

పద్యం ఖాళీ మనసులోకి రాదు. మన బతుకులో అప్పటికే తవ్వి ఉన్న బోదెల్లోనే పారుద్ది. బోదె లేని చోట నీళ్లు పైపైన జారిపోతాయి. పద్దెనిమిదేళ్ల కుర్రోడు ఇంకా ఎవర్నీ మోసి ఉండకపోవచ్చు. అది ఆడి అదృష్టం, లోపమనకూడదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పద్యానికి ఈల వేసినోళ్లలో, తెల్లారాక పేటోళ్లకి వేరే గ్లాసులో టీ పోసినోళ్లు కూడా ఉండేవాళ్లు. చిన్నప్పుడు నేను కళ్లారా చూశాను. కాబట్టి కళకి కదిలినోడల్లా మంచోడనీ, కదలనోడల్లా రాయనీ లెక్కకట్టకండి. కన్నీళ్లకీ మనిషి నడతకీ అంత దగ్గర చుట్టరికం లేదు.

చెవికి కూడా బడి ఉంటాది

అంటే బతుకులో దెబ్బ తగిలితేనే కళ అర్థమవుద్దా? అదీ కాదు. నాన్న పోయినోళ్లందరూ పద్యానికి ఆగిపోరు. రెండో కారణం చెవి అలవాటు.

పద్యనాటకంలో పద్యం చివర రాగం లాగుతారు. కొత్తగా ఇనేవోడికి అది "ఆ... ఆ..." అని అరుపే. కథ ఆపేసి ఎందుకు లాగుతున్నాడో తెలీక విసుగొచ్చుద్ది. చిన్నప్పటి నుంచి ఇన్నోడికి ఆ లాగుడులోనే ప్రాణముంటాది. ఎక్కడ ఎత్తుతాడో, ఎక్కడ దించుతాడో ముందే ఊహిస్తాడు. ఊహించినట్టొస్తే మురిసిపోతాడు, ఊహించనట్టొస్తే వన్స్‌మోర్ అంటాడు.

మన ప్రాంతంలో ఆ బడి చాలాకాలం నడిచింది. ఏలూరులో వకీలు చేసుకుంటానే నాటకాలాడి, ప్రభాత్ థియేటర్ పెట్టిన బందా కనకలింగేశ్వరరావు గారి లాంటోళ్లు ఇక్కడోళ్లే. వై.ఎం.హెచ్.ఏ. హాలు పేరు చెప్తే పాత ఏలూరోళ్లకి నాటకమే గుర్తొచ్చుద్ది. తీర్థాలకి, సంబరాలకి రాత్రంతా నాటకం ఉండేది. మా నాన్న లాంటి చదువురానోళ్లు అక్కడ కూర్చునే గ్రాంథికం పద్యాన్ని అర్థంతో సహా నేర్చుకున్నారు. పుస్తకం లేని బడి అది.

వెయ్యేళ్ల కింద కాశ్మీరంలో అభినవగుప్తుడనే పండితుడు ఈ ముక్క ఇంకోలా చెప్పాడు. కవిత్వం మళ్లీ మళ్లీ చదివి చదివి మనసు అద్దంలా తుడుచుకున్నోడే సహృదయుడు, ఆడికే రసం అందుద్ది అన్నాడు. మాట బాగుంది. కాకపోతే నాదొక ప్రశ్న. అద్దం తుడుచుకోటానికి గుడ్డా, తీరికా ఎవరికి దొరికాయి? గుళ్లో సంగీతం జరుగుతుంటే గోడవతల నిలబడ్డోడి అద్దం ఎవరు తుడుస్తారు? రుచి లేదని తిట్టేముందు, రుచి చూసే అవకాశం ఇచ్చారా లేదా అని అడగాలి.

ఇప్పటి కుర్రోళ్ల చెవి వేరే బడిలో పెరిగింది. డీజే దెబ్బలో, ర్యాప్‌లో మాట ఎక్కడ పడాలో ఆళ్లకి తెలుసు. అదే పాట మా పెద్దాయనకి పెడితే "ఏటిరా ఈ గోల" అంటాడు. ఆయనకీ గుండె లేదనాలా మరి?

ఈ అడ్డం దాటలేనిదేం కాదు. 1980లో 'శంకరాభరణం' వచ్చింది. పాటలన్నీ శాస్త్రీయ సంగీతం మీదే. మొదట్లో హాళ్లు పలచగా ఉండి, నోటిమాట మీద నిండాయి. రాగం పేరు ఒక్కటీ తెలీని కూలోళ్లు, రిక్షావోళ్లు చూశారు. మా అమ్మ కూడా చూసింది. పాడిన బాలసుబ్రహ్మణ్యం గారే గురువు దగ్గర పద్ధతిగా శాస్త్రీయం నేర్చుకున్నవారు కాదు. మరి జనానికెలా అందింది? విశ్వనాథ్ గారు ముందు మనుషుల్ని చూపించారు. ఒక పంతులు గారి మొండితనం, ఆయన్ని నమ్ముకున్న ఒక ఆడమనిషి పడ్డ అవమానం చూపించి, ఆ గుమ్మంలోంచి సంగీతంలోకి తీసుకెళ్లారు. గుమ్మం తీసి పెడితే జనం లోపలికొస్తారు. గుమ్మం మూసేసి, లోపలికి రాలేదని తిట్టటమే తప్పు.

కొల్లేరు ఫొటో ముందు ఇద్దరు

మూడో కారణం, మనం ఎక్కడ నిలబడి చూస్తన్నామన్నది. దీనికి కొల్లేరు దాకా రండి.

ఒకసారి ఏలూరులో కొల్లేరు ఫొటోలు కొన్ని పెట్టారు. ఒక ఫొటోలో కనుచూపు మేర నీళ్లు. సాయంత్రం ఎరుపు. మీద పెలికాన్ల గుంపు. నాతో వచ్చిన హైదరాబాద్ స్నేహితుడు దాని ముందు పది నిమిషాలు నిలబడిపోయాడు. కళ్లు చెమర్చాయి కూడా. "ఇంత అందం మనం పోగొట్టుకుంటున్నాం" అన్నాడు.

నాతో ఇంకో ఆయన కూడా ఉన్నాడు. కొల్లేటి లంక మనిషి, చేపలు పట్టి బతికే ఇంటోడు. ఆయన ఆ ఫొటో చూసి పక్కకి ఎల్లిపోయాడు. బయటికొచ్చాక అడిగాను, ఏం బాబాయ్, నచ్చలేదా అని. "ఆ నీళ్ల కింద మా చెరువు గట్టుందబ్బాయ్" అన్నాడు.

ఆ మాట అర్థం కావాలంటే కొంచెం వెనక్కెళ్లాలి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు తెచ్చిన నీళ్లు ఇందులో నిలబడి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. చేపల చెరువుల గట్లతో సరస్సు మూసుకుపోయింది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటించింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపొచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని పెట్టి చెరువు గట్లు తెగ్గొట్టారు, పేల్చేశారు. ఆ గట్లలో లీజుల పేరుతో లంకల్ని మింగిన పెద్దోళ్లవీ ఉన్నాయి, సొసైటీల పేరు మీద పేదోళ్లవీ ఉన్నాయి. పెద్దోళ్లు ఇంకో చోట ఇంకో చెరువు చూసుకున్నారు. బాబాయ్ లాంటోళ్లు వలసెళ్లారు.

సరస్సు బతకాల్సిందే. నేనేం కాదనను. కాకపోతే ఆ ఫొటోలో నా స్నేహితుడు చూసింది అందం, బాబాయ్ చూసింది తన బతుకు లేని ఖాళీ. మనిషి లేని కొల్లేరు అందంగా ఉందంటే, ఆ మనిషి ఎలా కదుల్తాడు?

అదే బాబాయ్‌కి అక్కినేని కుటుంబరావు గారి 'కొల్లేటి జాడలు' నవల్లో కొన్ని పేజీలు నేనే చదివి వినిపించాను. ఆయన కూడా కొల్లేటి ఊళ్లో పుట్టినోరే. ఊరంతా కలిసి కొల్లేటితో బతికిన కాలం గురించి రాశారు. బాబాయ్ మధ్యమధ్యలో ఆపి "ఆ, అలాగే చేసేవోళ్లం," "అది కాదు, ఇంకోలా" అని తగువు పెట్టుకున్నాడు. చివరికి చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకి కళ పట్టదని ఫొటో దగ్గర ఎవరన్నా అనుకుని ఉంటే ఎంత తప్పై ఉండేది!

నవ్వు ఎవరిది, నొప్పి ఎవరిది

ఒక్కోసారి కదలటం, కదలపోటం దాటి గొడవ దాకా ఎళ్లుద్ది. చింతామణి నాటకం సంగతి మీకు తెలుసు. రాసిన కాళ్లకూరి నారాయణరావు గారు మన భీమవరం వైపు మత్స్యపురిలో పుట్టినోరు. వేశ్యల చుట్టూ తిరిగి ఇళ్లు గుల్ల చేసుకునేవాళ్లకి బుద్ధి చెప్పాలని రాశారు. ఆడగా ఆడగా సుబ్బిశెట్టి పాత్ర పెరిగిపోయింది. సమాజాలు ఈలల కోసం బూతు జోకులు కలుపుకుంటా పోయాయి. జనం పడీపడీ నవ్వారు. ఆ నవ్వు మా కులం మీదని ఆర్యవైశ్యులు బాధపడ్డారు. చివరికి 2022 జనవరిలో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. తగవు కోర్టు దాకా ఎళ్లింది.

నిషేధం మంచిదని నేననను. ఆ నాటకం మీద బతికే కళాకారుల పొయ్యిలో పిల్లి పడుకుంది. బాధపడ్డోళ్లని "జోకు కూడా అర్థం కాదా" అనటం కూడా మంచిది కాదు. జోకు ఎవరి మీద ఉందో ఆళ్లకి అది ఇంకోలా అర్థమవుద్ది, అంతే. సినిమాల్లో మన యాసని, మన పేటోళ్లని కామెడీ చేసినప్పుడు మనకీ అలాగే ఉంటాదిగా.

మరి ఏ కళ గొప్పది?

కొందరికి పుట్టుకతోనే సంగీతం పట్టదు. 2014లో స్పెయిన్‌లో బార్సిలోనా పరిశోధకులు అలాంటి మనుషుల్ని పరీక్ష చేశారు. చెవులు బాగానే ఉన్నాయి. పాట సంతోషం పాటో, విచారం పాటో చెప్పగలరు. డబ్బులు గెలిచే ఆట ఆడిస్తే అందరిలాగే ఉత్సాహపడ్డారు. పాటకి మాత్రం ఒళ్లు స్పందించలేదు. అలాంటోళ్లు కొద్దిమంది. ఆళ్లనీ రాళ్లనకూడదు.

రష్యాలో టాల్‌స్టాయ్ 1898లో 'కళ అంటే ఏమిటి' అని పుస్తకం అచ్చేశాడు. అందులో సొంత సంగతి ఒకటి చెప్తాడు. ఒకరోజు మనసు బాగోక ఇంటికొస్తంటే, కూతురి పెళ్లని ఊళ్లో ఆడకూలీలు కొడవళ్లు వాయిస్తా పాడుతున్నారు. ఆయన మనసు తేలికైపోయింది. ఆ సాయంత్రమే ఒక పెద్ద విద్వాంసుడు బీథోవెన్ సంగీతం వాయించాడు. అందరూ మెచ్చుకున్నారు, ఈయనకేమీ పట్టలేదు. కూలీల పాటే నిజమైన కళ అని తేల్చేశాడు. ఆ ధైర్యం నాకు నచ్చుద్ది. ఊడుపు పాటకి ఉన్న విలువ ఒప్పుకున్న దొర ఆయన. కానీ అక్కడితో ఆగకుండా తనకి పట్టని బీథోవెన్‌ని, షేక్స్‌పియర్‌ని చెత్తకుప్పలో వేశాడు. మన టీ కొట్టు పెద్దాయన చేసిందీ అదే కదా, కాకపోతే మనిషిని వేశాడు.

నాకు పట్టలేదన్నది నా సంగతి. అది పనికిరాదన్నది తీర్పు. ఈ రెంటికీ మధ్య చాలా దూరముంది. నాకు పట్టలేదు కాబట్టి చెత్త అనకండి. పెద్దోళ్లు మెచ్చారు కాబట్టి నాకు పట్టినట్టు నటించకండి. ఎందుకు పట్టలేదో అడగండి. నా బతుక్కి ఇంకా ఆ దెబ్బ తగల్లేదా? నా చెవికి ఆ బడి దొరకలేదా? లేపోతే ఆ కళ నన్ను బయట నిలబెట్టి, నా మీదే నవ్వుతోందా? మొదటిదైతే కాలం చూసుకుంటాది. రెండోదైతే పక్కనున్న ముసలోళ్లని పద్యానికి అర్థం అడగండి. ఆళ్లు చెప్పటానికి ఎదురుచూస్తన్నారు, అడిగేవోడే లేడు. మూడోదైతే గట్టిగా చెప్పండి, మీకా హక్కుంది.

ఆ టీ కొట్టు సంగతి అక్కడితో అవలేదు. వారం తర్వాత కుర్రోడు ఫోన్ చేశాడు. యూట్యూబ్‌లో కాటి సీను పెట్టుకుని ఇంటన్నాడంట. ఒక్కో పద్యానికీ అర్థం చెప్పమన్నాడు. గంట పట్టింది. ఏడుపొచ్చిందా అని నేనడగలేదు. ఆడే చెప్పాడు, రాలేదని.

కాసేపాగి అడిగాడు. "అన్నా, శ్మశానంలో అందరూ ఒకటే అని రాశాడు కదా. మరి మన ఊళ్లో వల్లకాళ్లు రెండెందుకున్నాయి? మనదానికి రోడ్డెందుకు లేదు?"

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వటానికి అర్జీ రాస్తన్నాం. రాత ఆడిదే.